120 హెర్ట్జ్ కాలంలో 12 ఫ్రేముల కార్టూన్

ముందే చెప్పేస్తున్నా, ఇది ల్యాప్‌టాప్ రివ్యూ కాదు. కానీ యానిమేషన్ నేర్చుకుందామని ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇంట్లో డబ్బులు అడిగే ముందు ఒకసారి చదవండి.

మనందరికీ ఒక నమ్మకం ఉంది. స్క్రీన్ మీద బొమ్మ ఎంత స్మూత్‌గా కదిలితే అంత గొప్ప అని. 60 హెర్ట్జ్ స్క్రీన్‌తో ఫోన్ లాంచ్ అయితే "ఈ రోజుల్లో కూడానా" అని కామెంట్ పెడతాం. నేనూ పెట్టాను. గేమ్‌లో ఎఫ్‌పీఎస్ 60 కంటే ఒక్కటి తగ్గినా సెట్టింగ్స్ తెరిచే రకం నాది. అలాంటివాణ్ణి, ఏడాదిన్నరగా అన్‌రియల్ ఇంజిన్‌తో ఒక కార్టూన్ చేస్తున్నా. అందులో నేను తీసుకున్న అన్నిటికన్నా మంచి నిర్ణయం ఏంటంటే, బొమ్మల కదలికని సెకనుకి 12 ఫ్రేములకి దించేయడం.

నా అభిప్రాయం ఇదీ. గేమ్ ఇంజిన్ లాంటి పనిముట్టు మనలాంటి స్టూడెంట్ల చేతికి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. కానీ అది పుట్టింది గేముల కోసం. దాని మానాన దాన్ని వదిలేస్తే మన కథని కూడా గేమ్‌లాగే చూపిస్తుంది. దాంతో కార్టూన్ చేయాలంటే, ఏ ఫీచర్ల కోసమైతే డబ్బు పోసి గ్రాఫిక్స్ కార్డ్ కొన్నామో వాటిలో సగం మన చేత్తో మనమే ఆఫ్ చేయాలి. ఆఫ్ చేశాక తెలుస్తుంది, అంత డబ్బు పోయక్కర్లేదని.

నేను మాస్ కమ్యూనికేషన్ ఫైనలియర్. ఉండేది మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో, ముగ్గురు పట్టే హాస్టల్ గదిలో. 2023లో మా నాన్న చీటీ ఎత్తి ల్యాప్‌టాప్ కొనిచ్చారు. 62 వేలు. ఆర్‌టీఎక్స్ 3050, 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 8 జీబీ ర్యామ్. "చదువుకేనా?" అని ఒక్కసారే అడిగారు. చదువుకే అన్నాను. మొదటి ఆరు నెలలు అది పూర్తిగా నిజం కాదు.

అసలు మొదలైంది జీటీఏ 5తో. ఆ గేమ్ పీసీ వెర్షన్ 2015లో వచ్చినప్పుడే రాక్‌స్టార్ ఎడిటర్ అనే టూల్ కూడా దాంతోపాటు వచ్చింది. గేమ్‌లో ఆడినదాన్ని రికార్డ్ చేసి, తర్వాత కెమెరాని మనకి నచ్చిన చోట పెట్టుకోవచ్చు. డైరెక్టర్ మోడ్‌లో మనకి కావాల్సిన మనిషిని ఎంచుకుని నడిపించొచ్చు. నేనూ నా రూమ్మేటూ కలిసి ఆటో బేరం మీద ఒక స్కిట్ చేశాం. దుప్పటి కప్పుకుని ఫోన్ మైక్‌లో డబ్బింగ్ చెప్పాం. ఆటో లేదు కాబట్టి టాక్సీ పెట్టాం. మెహిదీపట్నం అని చెప్తుంటే వెనక కొబ్బరి చెట్ల లాంటివి, బీచ్. మా క్లాసులో బాగానే నవ్వారు. గేమ్ రేడియో ఆపడం మర్చిపోయాను, అందులో మోగుతున్న పాట మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. తప్పు నాదే.

ఇలా గేమ్‌లో సినిమా తీయడాన్ని మషినిమా అంటారు. మనం కనిపెట్టిందేం కాదు. 1996లోనే క్వేక్ ఆడే రేంజర్స్ అనే జట్టు "డైరీ ఆఫ్ ఎ క్యాంపర్" అని నిమిషంన్నర కథ ఒకటి చేసింది. అది వీడియో ఫైల్ కూడా కాదు, గేమ్‌లోనే ప్లే చేసుకోవాల్సిన డెమో రికార్డింగ్. 2003లో అమెరికాలో కొంతమంది కుర్రాళ్ళు హేలో గేమ్‌తో "రెడ్ వర్సెస్ బ్లూ" మొదలుపెట్టారు, అది 2024 దాకా నడిచింది. దాన్నుంచి నేను కొట్టేసిన ఐడియా ఒకటుంది, తర్వాత చెప్తా.

గేమ్‌లో తీస్తే ఒక ఇబ్బంది. ఊరు మనది కాదు, మనుషులు మనవాళ్ళు కాదు, చివరికి బొమ్మలు కూడా మనవి కాదు. దాన్ని ప్రాజెక్ట్ కింద సబ్మిట్ చేయలేం. అందుకని గేమ్ వదిలేసి గేమ్ తయారుచేసే టూల్‌కి వెళ్ళాను. అన్‌రియల్ ఇంజిన్ 2015 నుంచి ఫ్రీ. గేమ్ చేసి అమ్మితే 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 5 శాతం అడుగుతారు. సినిమాకి, కార్టూన్‌కి రాయల్టీ లేదు. ఏడాదికి 10 లక్షల డాలర్లకి పైగా సంపాదించే కంపెనీ అయితే 2024 నుంచి సీటుకి 1,850 డాలర్లు కట్టాలి. ఆ సమస్య నాకు వస్తే సంతోషమే.

నా కార్టూన్ పేరు "గేట్ నంబర్ 3". మా హాస్టల్ నుంచి రాయదుర్గం మెట్రో వైపు వెళ్ళే దారిలో ఒక ఐటీ ఆఫీసు వెనక గేటు ఉంది. అక్కడ ఒక సెక్యూరిటీ గార్డు, ఒక కుక్క, రోజూ లోపలికి వెళ్ళనివ్వలేదని గొడవపడే డెలివరీ కుర్రాళ్ళు. ఆయనది మహబూబ్‌నగర్ వైపు. నేను కాకా అని పిలుస్తా. కథ అంతా ఆ గేటు దగ్గరే. గేటు లోపల ఏముందో కార్టూన్‌లో ఎప్పుడూ చూపించం.

ఈ కథే ఎందుకంటే, మన హైదరాబాద్ దేశం మొత్తానికి కార్టూన్లు చేసి పంపే ఊరు. ఛోటా భీమ్ ఇక్కడి గ్రీన్ గోల్డ్ చేసిందే, 2008లో టీవీలో మొదలైంది. 2024లో కల్కి సినిమాకి ముందు వచ్చిన "బుజ్జి అండ్ భైరవ" కూడా వాళ్ళ చేతిలో తయారైందే. రాయదుర్గంలో యానిమేషన్, గేమింగ్ కంపెనీల కోసమే ఇమేజ్ టవర్ అని 2017లో శంకుస్థాపన చేశారు. ఇన్ని ఉన్నా మాదాపూర్ రోడ్డు మీద నడిచే కార్టూన్ మనిషి ఒక్కడు నాకు కనపడలేదు. భీముడు ఢోలక్‌పూర్‌లో ఉంటాడు. యూట్యూబ్‌లో అత్తాకోడళ్ళ కార్టూన్లు ఏదో పెంకుటింట్లో ఉంటాయి. హైటెక్ సిటీ మాత్రం డ్రోన్ షాట్‌లోనే కనిపిస్తుంది.

సరే, మొదటి రెండు నెలలు ఏం చేశానో చెప్తే మీరు నవ్వుతారు. మెటాహ్యూమన్‌తో నిజమైన మనిషిలా ఉండే గార్డుని తయారుచేశా. వెంట్రుక వెంట్రుకకీ నీడ. ల్యూమెన్ లైటింగ్ ఆన్. తడి రోడ్డు మీద ప్రతిబింబాలు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, లైబ్రరీలో ఎంత హై క్వాలిటీ సరుకు ఉన్నా నా 4 జీబీ కార్డులో పట్టదు. "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని ఒక మెసేజ్ వచ్చి ఇంజిన్ మూతపడేది. నాకు ఆ మెసేజ్ ఫాంట్ కూడా గుర్తుండిపోయింది. రోజూ రాత్రి 8 జీబీ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌ల రివ్యూలు చూసేవాణ్ణి. నాన్నని ఇంకో 50 వేలు అడగడం ఎలా అని ఒక వాయిస్ మెసేజ్ రికార్డ్ చేసి, పంపకుండా డిలీట్ చేసిన రోజు కూడా ఉంది.

ఎలాగో ఒక 40 సెకన్లు రెండర్ చేసి మా ప్రాజెక్ట్ గైడ్‌కి చూపించా. ఆయన చూసి, "ఇది ఏ గేమ్?" అన్నారు.

తల కొట్టేసినట్టయింది. నేను లాయర్‌లాగా వాదించాను. 2024లో షార్ట్ యానిమేషన్ ఆస్కార్ తీసుకున్న "వార్ ఈజ్ ఓవర్" అన్‌రియల్‌లో చేసిందే సార్ అన్నాను. మన దేశంలోనే ఇషాన్ శుక్లా "షిర్కోవా" అనే పూర్తి నిడివి సినిమాని అన్‌రియల్‌లో చేసి 2024లో రోటర్‌డామ్ ఫెస్టివల్‌లో వేశారు అన్నాను. (మన బాహుబలి యానిమేషన్ సినిమా, "ది ఎటర్నల్ వార్", ఆయన చేతికే వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే అదీ వాడేవాణ్ణి.) ఆయన ఓపిగ్గా విని ఒకటే అడిగారు. "అవి చూస్తుంటే నీకు గేమ్ గుర్తొస్తుందా?"

రాదు. అదే నా దగ్గర జవాబు లేని ప్రశ్న. నేను తీసిన 40 సెకన్లు చూస్తే మాత్రం, ఎవరైనా కంట్రోలర్ కోసం వెతుక్కుంటారు.

ఆ రాత్రి ప్రాజెక్ట్ ఓపెన్ చేసి ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టా. ల్యూమెన్ ఆఫ్. మోషన్ బ్లర్ ఆఫ్. ప్రతిబింబాలు ఆఫ్. మెటాహ్యూమన్ డిలీట్. దాని బదులు బ్లెండర్‌లో పెద్ద తల, గుండ్రటి పొట్ట, కర్రల్లాంటి కాళ్ళతో గార్డుని నేనే చేసుకున్నా. వెలుగు, నీడ అని రెండే మెట్లుండే టూన్ షేడర్ పెట్టా. చివరగా ఫ్రేములు.

పాతకాలం చేతి బొమ్మల కార్టూన్లలో సినిమా సెకనుకి 24 ఫ్రేములైనా, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టేవాళ్ళు. అంటే సెకనుకి 12 బొమ్మలు. డబ్బు మిగలడానికి మొదలైన పద్ధతి అది. 2018లో వచ్చిన స్పైడర్‌వర్స్ సినిమా 3డీలో కూడా కావాలనే అదే పని చేసింది. గేమ్ ఇంజిన్ ఇష్టం దీనికి పూర్తిగా రివర్స్. రెండు పోజులు ఇస్తే మధ్యలో ఎన్ని వీలైతే అన్ని ఫ్రేములు అదే నింపేస్తుంది, అంతా ఒకే వేగంతో, నూనె రాసినట్టు. మనిషికి బరువు ఉండదు. నేను బ్లెండర్‌లో కీ ఫ్రేముల మధ్య ఆ నింపుడు తీసేసి, ప్రతి పోజూ రెండు ఫ్రేములు కదలకుండా నిలబడేలా చేశా. కెమెరాని మాత్రం 24లోనే ఉంచా, లేకపోతే కళ్ళు లాగుతాయి.

గార్డు కుర్చీలోంచి లేచాడు. అంతే, వేరే ఏం చేయలేదు. మా రూమ్మేట్ మంచం మీంచి చూసి, "రేయ్, కాకా!" అన్నాడు. అప్పటిదాకా వెంట్రుక వెంట్రుకా పెట్టి చేసిన మెటాహ్యూమన్‌ని చూసి వాడు ఒక్కసారీ ఆ మాట అనలేదు.

ఇప్పుడు మీకు నచ్చే లెక్కలు. నాలుగు నిమిషాల కార్టూన్ అంటే 5,760 ఫ్రేములు. ఇదే గేటు సీన్‌ని నా ల్యాప్‌టాప్‌లో బ్లెండర్ సైకిల్స్‌తో నిజమైన లైటింగ్ పెట్టి రెండర్ చేస్తే ఫ్రేముకి దాదాపు 3 నిమిషాలు పట్టింది. అంటే మొత్తం 288 గంటలు, 12 రోజులు, రాత్రీ పగలూ. హాస్టల్ ఓనర్‌కి తెలిస్తే ల్యాప్‌టాప్‌తో పాటు నన్నూ బయట పెడతాడు. అన్‌రియల్‌లో టూన్ సెట్టింగ్స్‌తో ఫ్రేముకి 2 సెకన్లు. మొత్తం 3 గంటల 12 నిమిషాలు. అన్నం తిని, ఒక సినిమా చూసి వస్తే అయిపోతుంది. కానీ అసలు లాభం చివరి రెండర్‌లో కాదు. షాట్ పెట్టగానే కనపడుతుంది కాబట్టి, బాగాలేకపోతే పారేయడానికి మనసొప్పుతుంది. 12 రోజులు కాల్చిన షాట్‌ని ఎవడు పారేస్తాడు? నేను ఇప్పటికి 70కి పైగా షాట్లు పారేశా. ఫ్రేమింగ్ గురించి క్లాసులో విన్నదానికంటే అలా పారేసినవాటిలోనే ఎక్కువ నేర్చుకున్నా.

ఇది అన్‌రియల్ ఒక్కదాని గొప్ప అని కూడా అనను. 2025లో ఆస్కార్ కొట్టిన "ఫ్లో", లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ చేసిన పిల్లి సినిమా, బ్లెండర్‌లోని ఈవీ అనే రియల్ టైమ్ రెండరర్‌తో చేసింది. రెండర్ ఫామ్ లేదు. మీకు బ్లెండర్ చేతిలో ఉంటే అక్కడే ఉండండి. నాకు గేమ్ అలవాటు కాబట్టి, కెమెరాని డబ్ల్యూ ఏ ఎస్ డీ కీలతో నడపడం చేతికి హాయిగా ఉంది.

లైబ్రరీల సంగతి చెప్పాలి, అక్కడే ఎక్కువ కష్టపడ్డా. మిక్సమోలో రెడీమేడ్ కదలికలు ఫ్రీగా దొరుకుతాయి. తుపాకీ పట్టుకుని పరిగెత్తేవి, బాక్సింగ్, జాంబీ నడకలు, హిప్‌హాప్ స్టెప్పులు. గొంతుక్కూర్చుని బీడీ కాల్చేది లేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకునేది లేదు. అవును, కాదు, చూద్దాం అనే మూడు అర్థాలూ ఒకేసారి వచ్చేలా తల ఊపేది అసలే లేదు. మిక్సమో నడక పెడితే మా గార్డు డ్యూటీ దిగిన అమెరికా సైనికుడిలా నడిచాడు. చివరికి ఫోన్‌ని నీళ్ళ బాటిల్‌కి ఆనించి, హాస్టల్ టెర్రస్ మీద నేనే కూర్చుని, లేచి, వీడియో తీసుకున్నా. దాన్ని పక్కన పెట్టుకుని పోజు పోజు చేత్తో చేశా. 12 ఫ్రేములే కాబట్టి అది సాధ్యమైంది. 60 అయితే ఈపాటికి సన్యాసం తీసుకునేవాణ్ణి.

ప్లేసులదీ అదే కథ. యూరప్ కొండరాళ్ళు ఎన్ని కావాలన్నా ఉన్నాయి. మన దుర్గం చెరువు పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైట్ గుండ్లు లేవు. 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు, లైబ్రరీలోకి ఎక్కడానికి ఇంకా టైమ్ దొరకలేదు. రియాలిటీస్కాన్ అనే ఫ్రీ యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లోనూ పనిచేస్తుంది. మబ్బు పట్టిన ఉదయం వెళ్ళి, గుండు చుట్టూ తిరుగుతూ ఓ 80 ఫోటోలు తీస్తే 3డీ మోడల్ చేసి ఇస్తుంది. ఎండలో తీస్తే నీడ కూడా రాయికి అంటుకుపోతుంది, జాగ్రత్త. గేటు పక్కన టిఫిన్ బండిని కూడా స్కాన్ చేద్దామని చూశా. ఇడ్లీ పాత్ర తళతళా మెరుస్తుంది కాబట్టి యాప్ దాన్ని నలిగిన వెండి కాగితంలా చేసింది. బండి ఆమె ఆ మోడల్ చూసి, "నా గిన్నె గట్లున్నదా?" అని బాధపడింది. ఆ పాత్ర చేత్తోనే చేశా.

లిప్‌సింక్ దగ్గర మాత్రం తెలివిగా తప్పించుకున్నా. ఆటోమేటిక్ టూల్స్ ఎక్కువగా ఇంగ్లీష్ చెవితో వింటాయి. రూబార్బ్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌లో ఇంగ్లీష్ కాని భాషలకి ఫొనెటిక్ మోడ్ ఉంది, ఆరు రకాల నోటి ఆకారాలతో పని కానిచ్చేస్తుంది. కార్టూన్‌కి అది సరిపోతుంది. అయినా మొదట్లో చెప్పిన "రెడ్ వర్సెస్ బ్లూ" ఐడియా ఇక్కడ పనికొచ్చింది. అందులో అందరికీ హెల్మెట్లే, నోళ్ళు కనపడవు, తల ఊపితే చాలు ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. మా డెలివరీ కుర్రాడు ఎపిసోడ్ మొత్తంలో ఒక్కసారి కూడా హెల్మెట్ తీయడు. గార్డుకి కింది పెదవి దాకా మీసం. చూసినవాళ్ళు అది క్యారెక్టర్ డిజైన్ అనుకుంటున్నారు.

మరి "ప్రాంప్ట్ కొడితే ఏఐ చేసిస్తుంది కదా" అంటారు. కొట్టి చూశా. ఎనిమిది సెకన్ల క్లిప్ బ్రహ్మాండంగా వచ్చింది. రెండో క్లిప్‌లో గార్డు మారాడు, కుర్చీ మారింది, గేటు ఇంకో కంపెనీది. నాకు అదే కుర్చీ కావాలి.

కొనేవాళ్ళ కోసం నా మాట ఇది. టూన్ స్టైల్ కార్టూన్‌కి 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంటే హాయి, 4 ఉంటే సర్దుకోవచ్చు, ఉన్న ల్యాప్‌టాప్‌ని దానికోసం మార్చొద్దు. ర్యామ్ మాత్రం 8తో మొదలుపెట్టకండి, అన్‌రియల్ తెరవగానే దానికే సరిపోదు. నేను సికింద్రాబాద్ సీటీసీలో 3,100 పెట్టి 16 జీబీ స్టిక్ వేయించా. ఈ ఏడాదిన్నరలో ల్యాప్‌టాప్ మీద నేను పెట్టిన అదనపు ఖర్చు అదొక్కటే. ఇప్పుడు వెళ్ళి అదే రేటు అడిగితే షాపువాడు నవ్వుతాడు, ర్యామ్ ధరలు అలా ఉన్నాయి. ఫేస్ క్యాప్చర్ కోసం ఐఫోన్ కొనాలనుకునేవాళ్ళు ఆగండి. 2025 జూన్‌లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి మామూలు వెబ్‌క్యామ్‌తో, ఆండ్రాయిడ్ ఫోన్‌తో కూడా అవుతుంది.

పోయిన వారం ఎపిసోడ్ పూర్తి చేసి కాకాకి చూపించా. నా ల్యాప్‌టాప్‌లో కాదు, ఆయన ఫోన్‌లోనే. మూడో చేతికి వచ్చిన ఫోన్, స్క్రీన్ మూల నుంచి పగులు, డేటా మిగలాలని వీడియో 360పీలో పెట్టుకుంటాడు. ల్యూమెన్‌తో చేసిన పాత క్లిప్ కూడా పక్కన ప్లే చేసి చూశా. దానిలో రాత్రి సీన్ మొత్తం గళ్ళు గళ్ళుగా బూడిద. కొత్తదానిలో రంగులు రెండే, గీత లావు, కాబట్టి ఆ పగిలిన స్క్రీన్ మీద కూడా మనిషి మనిషిలా కనపడ్డాడు. ఈ సైట్‌లో ఫ్లాగ్‌షిప్ స్క్రీన్ల గురించి వంద రివ్యూలు చదివిన నేను, నా బొమ్మని ఎవరి స్క్రీన్ మీద చూస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు.

కాకా నాలుగు నిమిషాలూ చూశాడు. నవ్వలేదు. కుక్క వచ్చినప్పుడు మాత్రం కొంచెం మీసం కదిలింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి గేటు తెరిచే షాట్ దగ్గర వేలు పెట్టి ఆపాడు.

"గేటు గట్ల లేపరు తమ్మి. నువ్వు ముందట పట్టుకోని లేపినవ్. గా ఎనక బరువున్నది సూడు, దాని మీద చెయ్యేసి ఒత్తితే అదే లేస్తది. గట్ల లేపితే దినానికి నా నడుం ఏం గావాలె?"

వెళ్ళి గేటు వెనక చూశా. కమ్మీ చివర సిమెంటు నింపిన డబ్బా వేలాడుతోంది. ఏడాదిన్నరగా దాని పక్కనుంచే మెట్రోకి వెళ్తున్నా.

పోజులు మార్చడానికి ఒక సాయంత్రం పట్టింది. షాట్ ఆరు సెకన్లు, 144 ఫ్రేములు, రెండర్ ఐదు నిమిషాలు. పొద్దున డ్యూటీ మారే లోపే ఆయనకి మళ్ళీ పంపించా. సబ్మిషన్ ఇంకో పద్దెనిమిది రోజుల్లో ఉంది. కుర్చీకి ఎడమ చెయ్యి విరిగిపోయి ఉంటుందట, అదీ మార్చమన్నాడు.